నూట ఎనిమిది గురివింద గింజలు

తెల్లవారింది. తెల్లవారకుండా ఉంటే బాగుండునని వేషగాళ్ళ వాడలో అనుకున్నవాడు పోలన ఒక్కడే.

అతని ఎదుట చాప మీద తండ్రి గుండయ శవం ఉంది. ముఖాన నిన్నటి వేషం అలాగే ఉంది. కట్టెలమ్ముకునే ముసలివాడి వేషం అది. బుగ్గల మీద మసి, కనుబొమలకు జిగురుతో అంటించిన తెల్ల వెంట్రుకలు, నుదుట గీసిన మూడు ముడతలు. పగటివేషగాళ్ళకు ఒక ఆచారం ఉంది. వేషం మీద ఉండగా ప్రాణం పోతే ఆ రంగును కొడుకే తుడవాలి. రెండో రోజు పొద్దుగూకేలోగా తుడిచి దహనం చెయ్యాలి. రంగుతో వెళ్ళినవాణ్ణి పైనున్న తాతముత్తాతలు గుర్తుపట్టరట. ఎవరో కట్టెలవాడు వచ్చాడని గడప బయటే నిలబెడతారట. పోలన తడిగుడ్డ పట్టుకుని నిన్నటి నుంచీ అలాగే కూర్చున్నాడు. ఒక్క ముడత కూడా తుడవలేదు.

ఎందుకు తుడవలేకపోయాడో తెలియాలంటే గుణశాల సంగతి తెలియాలి.

పదేళ్ళ కిందట అంకభట్టు అనే మాంత్రికుడు సముద్రం దాటి తామ్రకూట రాజ్యానికి వచ్చాడు. విశ్వంభర మహారాజు కొలువులో నిలబడి ఒక ప్రశ్న వేశాడు. విలువిద్యకు గురి ఉంది, శాస్త్రానికి పరీక్ష ఉంది, గుర్రపుస్వారీకి మైదానం ఉంది. ఓర్పుకూ, జాలికీ, మాటనేర్పుకూ, నలుగురితో కలిసిమెలిసి ఉండే గుణానికీ కొలత ఏది ప్రభూ, అవి లేనివాణ్ణి సేనాపతిని చేస్తే రాజ్యం గతేమిటి, అన్నాడు. నిజం చెప్పాలంటే అది మంచి ప్రశ్నే. మంచి ప్రశ్న అడిగినవాడు మంచివాడే అయి ఉంటాడనుకోవడం ఆ రాజు చేసిన పొరపాటు.

ఓర్పుందా అని అడిగితే ప్రతివాడూ ఉందనే అంటాడు. పక్కవాణ్ణి అడిగితే వాడికి అసలే లేదంటాడు. కాబట్టి అడగకూడదు, చాటుగా చూడాలి అన్నాడు భట్టు. అలా గుణశాల వెలిసింది, వేషగాళ్ళకు రాచకొలువు దొరికింది. ఉద్యోగం కోరినవాడు నడిచే దారిలో ఒక వేషగాడు ఆపదలో ఉన్నట్టు పడిపోతాడు. గోడ కన్నం వెనక ఒక చూపరి కూర్చుంటాడు. పడ్డవాడి ఊపిరి ఊపిరికీ ఒక్కొక్క గురివింద గింజను వెదురు గొట్టంలో వేస్తాడు. నడిచేవాడు వచ్చి పడ్డవాణ్ణి చేత్తో తాకగానే లెక్క ఆగుతుంది. పది గింజల లోపు తాకినవాడు దయామయుడు. యాభై గింజలకు తాకినవాడు మధ్యరకం. నూట ఎనిమిది నిండినా తాకనివాణ్ణి పన్నుల వసూలుకు పంపేవారు.

చూపరికి నియమం ఒక్కటే. కదలకూడదు, పలకకూడదు, కంట తడి పెట్టకూడదు. చూసేవాడు కలగజేసుకుంటే కొలత చెడుతుంది.

తామ్రకూటంలో వేషగాళ్ళకు మేటి గుండయ. చూపరులకు మేటి పోలన. తండ్రి పడేవాడు, కొడుకు లెక్కపెట్టేవాడు. తండ్రి చస్తుంటే కొడుకు గింజలేస్తాడని ఊళ్ళోవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆ వేళాకోళానికి గుండయ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. అతనికి ముందు పన్ను ఒకటి ఊడిపోయింది. నవ్వినా, ఊపిరి వదిలినా ఆ సందులోంచి సన్నటి ఈల వచ్చేది.

నిన్న యువరాణి కుముద్వతికి పట్టాభిషేకానికి ముందు జాలి కొలత. గుండయ పాముకాటు తిన్న కట్టెలవాడి వేషం కట్టాడు. కోరలు తీసిన పామును ఎప్పటి నుంచో అతనే పెంచుకుంటున్నాడు. యువరాణి దారిలోకి వచ్చేసరికి పాము కరిచింది, గుండయ పడ్డాడు, అమ్మా అని పిలిచాడు.

ఊరంతటికీ అప్పటికి పదేళ్ళ అలవాటు. దారిలో ఎవరు పడినా, ఇవాళ కొలత ఎవరిదని ముందు చుట్టూ చూస్తారు. యువరాణికి గురువులు మరీ గట్టిగా చెప్పారు, పడినవాడు వేషగాడే అయి ఉంటాడు, కంగారు పడితే రాణికి నిబ్బరం లేదంటారు అని. ఆమె నిబ్బరంగా నిలబడింది. భలే వేషం తాతా అని మెచ్చుకుంది. జడలోని మల్లెదండ తీసి ముసలివాడి గుండెల మీద వేసి, చిరునవ్వుతో ముందుకు సాగింది. దండ తాకింది కానీ చెయ్యి తాకలేదు. అందువల్ల లెక్క ఆగలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకే మనసు రావడం లేదు. వేషగాళ్ళకు తమలో తమకు ఒక గుర్తు ఉంది. వేషం నడిచినంతసేపు ఎడమచేతి బొటనవేలు పిడికిట్లోకి మడిచి ఉంచుతారు. నిజంగా ఆపద వస్తే ఆ వేలు బయటికి తీస్తారు. ఆ వాడలో పిల్లలకు మాటలు రాకముందే ఈ గుర్తు వస్తుంది. నిన్న ముప్పైమూడో గింజ దగ్గర గుండయ బొటనవేలు బయటికి వచ్చింది. దాన్ని గోడ కన్నం వైపే చాపాడు. పోలన చూశాడు. నాన్నకు వయసు మీదపడింది, వేలు మడవడం మరిచాడు, ఇంటికి వెళ్ళాక చెప్పాలి అనుకున్నాడు. ముప్పైనాలుగో గింజ వేశాడు. అలా నూట ఎనిమిదీ వేశాడు. అతని చెయ్యి వణకలేదు. ఇంత శుభ్రమైన కొలత గుణశాలలో ఎన్నడూ జరగలేదని అధికారి వీపు తట్టాడు కూడా.

పొద్దు బారెడెక్కాక మేనత్త కామసాని పాముబుట్ట పట్టుకుని వచ్చింది. వేషాల పెట్టె, రంగులు, పాములు, అన్నీ ఆమె కనిపెట్టుకుని ఉంటుంది. వాడంతటికీ పెద్దది. తమ్ముడు పోయాడని ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. బుట్ట మూత కొంచెం తీసి, కర్రతో పాము నోరు తెరిపించి చూపించింది. కోరలు ఉన్నాయి.

"ఇది మన పాము కాదురా పోలా. మనదానికి తోక చివర తెగి ఉంటుంది. ఎవరో మార్చారు."

ఎవరో ఆమెకు తెలుసు. ఆరేళ్ళు ఆమె గొట్టాల కోటలో ఊడ్చే పని చేసింది. కొలతలు పూర్తయిన గొట్టాలన్నీ చిత్రవేణి నది అవతలి ఆ కోటకే చేరతాయి. వాటిలో గింజలు ఊపిరి తీయడం తన చెవులతో విన్నదామె. పడ్డవాడి ఊపిరికి తగ్గట్టు గింజ వేస్తారు కదా, ఆ ఊపిరి గింజలోకి దిగుతుంది. అంకభట్టు దేశం మార్చి దేశంలో ఇలాంటి గింజలే నమిలి రెండు వందల ఏళ్ళుగా బతుకుతున్నాడు. వేషగాడి ఊపిరి అతనికి పొట్టుతో సమానం. నిజంగా చస్తున్నవాడి చివరి ఊపిర్లు దొరికితే గింజకు ఒక ఏడాది చొప్పున ఆయుష్షు పెరుగుతుంది. ఈ సంగతి ఆమె గుండయకు చెప్పింది. గుండయ ఎవరితోనో అన్నాడు. అంతే, పాము మారింది.

"ఇవాళ పొద్దు వాలుతుండగా నదిలో మునిగి వచ్చి ఆ గొట్టం విప్పుతాడు," అంది కామసాని. "ఈలోగా ఆ గింజలు తెచ్చి నీ అయ్య నాలిక మీద వేస్తే ఊపిరి తిరిగి రావచ్చు."

నూట ఎనిమిదీ కావాలా అని పోలన అడిగాడు.

"పొయ్యి రాజుకోడానికి ఎన్నిసార్లు ఊదాలో ఎవరు చెప్పగలర్రా? ఒకోసారి మూడు. ఒకోసారి ముప్పై. ఒకోసారి ఎంత ఊదినా పొగే."

పోలన లేచాడు. తడిగుడ్డను నడుముకు చుట్టుకున్నాడు. గుమ్మం దాటబోతుంటే ముసుగు వేసుకున్న ఒక స్త్రీ అడ్డంగా నిలబడి ఉంది. ముసుగు ముతకదే గానీ పాదాలకున్న లత్తుక రాజమందిరానిది. యువరాణి కుముద్వతి. పడ్డ వేషగాడు లేవలేదన్న మాట ఆమె చెవిన పడి, దాసీ బట్టల్లో ఒంటరిగా వచ్చింది. వాళ్ళ మాటలన్నీ వినేసింది.

పోలన చూరుకు వేలాడుతున్న వాడిపోయిన మల్లెదండ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మీదే కదమ్మా," అన్నాడు.

ఆమె దాన్ని కళ్ళకద్దుకోలేదు, కింద పడెయ్యలేదు. రెండు చేతులా పట్టుకుని నిలబడింది. క్షమించమని అడగడానికి వచ్చానని, ఇప్పుడు ఆ మాట అడగడానికి నోరు రావడం లేదని, గొట్టాల కోటలో కంచు తలుపును తెరిచే రాజముద్ర తన వేలికి ఉందని, తనను తీసుకువెళ్ళమని అంది. వేలు కోసి ఉంగరం తీసుకోవాలనిపించింది పోలనకు. అంత కోపం వచ్చింది. కామసాని మాత్రం రంగుల పెట్టె తెరిచి, రాణి కాబోయే పిల్లను పీట మీద కూర్చోబెట్టింది. ఘడియ తిరిగేసరికి గురివింద గింజలు ఏరుకునే అడవి ముసల్ది ఒకతె, ఆమె అల్లుడు ఒకడు బుట్టలు నెత్తిన పెట్టుకుని వాడ దాటారు.

ఊరి బయట యువరాణి చెట్టుకు కట్టి వచ్చిన గుర్రం ఎక్కారు. దారి పొడుగునా పోలన ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాడు. బొటనవేలి గుర్తు మాత్రం చెప్పాడు. కోటలో శ్వాసహారి అనే పాము ఉందనీ, దానికి కళ్ళు కనిపించవనీ, బతికున్నవాళ్ళ ఊపిరి చప్పుడు వింటేనే కదులుతుందనీ అత్త చెప్పింది. అది కదిలితే చచ్చినట్టు పడిపొమ్మన్నాడు. వేలు మడిచి ఉంటే వేషమని నాకు తెలుస్తుంది, విప్పి ఉంటే నిజమని తెలుస్తుంది అన్నాడు. ఆ మాట అనగానే గుర్రాన్ని అదిలించాడు. యువరాణి విననట్టు నది వైపు చూసింది.

చిత్రవేణి మీద ఉన్నది ఒక్కటే తాళ్ళ వంతెన. కింద నీళ్ళు నల్లరాళ్ళను ఒరుసుకుంటూ నురగలు కక్కుతున్నాయి. వంతెన దాటి, మోదుగుపూలతో మంట అంటుకున్నట్టున్న అడవిని చీల్చుకుని, ఎండ నడినెత్తికి వచ్చేసరికి గొట్టాల కోట ముందు దిగారు. ఏడంతస్తుల కోట. గోడలకు సున్నం బదులు శంఖం పొడి మెత్తారు. కిటికీ ఒక్కటీ లేదు. గోపురం మీద రాగి త్రాసు ఒకటి గాలి లేకపోయినా ఊగుతోంది.

కోట వాకిలి దగ్గర కాపలావాడు దుడ్డయ. లోపలికి వెళ్ళేవాళ్ళ ఓర్పు కొలవడం అతని పని. కొలవడమంటే తిట్టడమే. వెనకాల ఒక చూపరి గింజలు పట్టుకుని కూర్చుంటాడు. నలభై ఊపిర్లు నిండేలోగా కోపం తెచ్చుకున్నవాణ్ణి అగడ్తలోకి తోసేస్తారు. అగడ్తలో మొసళ్ళు ఈ పదేళ్ళలో బాగా బలిసాయి.

దుడ్డయ పోలన నడకతో మొదలుపెట్టి, అతని ముక్కు మీదుగా, అత్తగారి నడుంవంపు దాకా తిట్టాడు. తామ్రకూటంలో అంతటి తిట్టుబోతు మరొకడు లేడు. పోలన రాయిలా నిలబడ్డాడు. ఇరవై గింజలు పడ్డాయి. ఇంక పాత తిట్లు పనిచెయ్యవనుకుని దుడ్డయ ఊళ్ళోని కొత్త కబురు అందుకున్నాడు. నిన్న ఎవడో వేషగాడు చస్తుంటే కన్నకొడుకే గింజలు లెక్కపెడుతూ కూర్చున్నాడట, నువ్వూ అలాంటి కడుపున పుట్టినవాడిలాగే ఉన్నావు అన్నాడు. పాపం, ఎదుట ఉన్నది ఎవరో అతనికి తెలియదు.

పోలన పిడికిలి లేచింది. యువరాణి ఆ పిడికిలిని తన ముసలి చేతుల్లోకి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క చీవాటు ఎరగని పిల్ల దుడ్డయ దగ్గరకు రెండడుగులు వేసి, సొరకాయ బుర్ర అందించింది.

"నాయనా, పొద్దుటి నుంచి అరుస్తున్నావు. గొంతు ఎండిపోయి ఉంటుంది. కాసిని నీళ్ళు తాగు."

దుడ్డయ చెయ్యి చాపి సొరకాయ బుర్ర అందుకున్నాడు. పదేళ్ళలో ఎందరో అతని ముందు పళ్ళు బిగించి నిలబడ్డారు, ఎందరో నవ్వు పులుముకుని నిలబడ్డారు. నీళ్ళు కావాలా అని అడిగినవాళ్ళు లేరు. వెనకాల చూపరికి గింజ వెయ్యాలో మానాలో తెలియలేదు. దుడ్డయ నీళ్ళు తాగాడు, మూతి తుడుచుకున్నాడు, పక్కకు తప్పుకున్నాడు. వాకిలి తెరుచుకుంది.

ఆమె నేర్పు పోలన చూశాడు. మెచ్చుకోవాలనిపించింది. నిన్న ఈ చల్లని మాట ఎక్కడికి పోయిందన్న తలపు వెంటనే వచ్చి, మెప్పును మింగేసింది.

బుట్టలు కొట్టులో దించి, పొద్దు వాలేదాకా అక్కడే నక్కి ఉండి, కావలివాళ్ళ కన్నుగప్పి మెట్లెక్కారు. మొదటి అంతస్తు మాటనేర్పుది. అక్కడి గొట్టాలు గుసగుసలాడుతున్నాయి. రెండోది ఓర్పుది. అక్కడ పళ్ళు కొరికే చప్పుడు. అలా ఒక్కొక్కటీ దాటుకుంటూ ఏడో అంతస్తు చేరారు. కంచు తలుపు మీద యువరాణి ఉంగరం అద్దగానే అది పైకి లేచింది. దానంతట అదే మూసుకోకుండా గొలుసుకు ఒక శీల బిగించాలి. శీల అరిగిపోయి ఉంది, నిలవడం లేదు. తను పట్టుకుంటానని ఆమె సైగ చేసింది.

జాలి చావడి అది. నేల నుంచి కప్పు దాకా వెదురు గొట్టాలు, వేలకు వేలు, రాగి తీగలతో వేలాడుతున్నాయి. నిద్రపోయే ఇల్లు ఎలా ఊపిరి తీస్తుందో ఆ చావడి అలా తీస్తోంది. నడుమ నల్లరాతి స్తంభం. దాన్ని చుట్టుకుని పొగరంగు పాము, తాటిమాను లావున. కళ్ళున్నచోట చర్మమే ఉంది.

పోలన ఊపిరి బిగపట్టాడు. ఊపిర్లు లెక్కించేవాడికి ఊపిరి ఆపడం కష్టం కాదు. అడుగులో అడుగు వేసుకుంటూ వరసల మధ్య నడిచాడు. ఇన్నిటిలో ఏది? గొట్టాలకు కట్టిన రాగిరేకుల మీద రాతలు చదివే వ్యవధి లేదు. కళ్ళు మూసుకుని విన్నాడు. ఎడంపక్క, తల ఎత్తున, ఒక గొట్టంలోంచి సన్నటి ఈల వినిపించింది. పంటిసందులోంచి వచ్చే ఈల. చిన్నప్పుడు ఆ ఈల వింటూనే అతను నిద్రపోయేవాడు. తీగ తెంపి గొట్టాన్ని గుండెలకు హత్తుకున్నాడు.

ఆ క్షణాన తలుపు దగ్గర యువరాణికి ఊపిరి ఆగలేదు. ఎంతసేపని ఆపుతుంది. ఒక్కసారి ఎగపోసింది. స్తంభం మీద చుట్టలు సర్రున విడిపోయాయి. పోలన చూస్తుండగానే పాము గాలిలో తాడులా సాగి ఆమె ముఖం దాకా వెళ్ళి, నోరు తెరిచి, లోపలికి ఒక్క పీల్పు పీల్చింది. మళ్ళీ వెనక్కి వచ్చి కడుపు నిండినదానిలా స్తంభానికి చుట్టుకుని నిద్రపోయింది. యువరాణి గడప మీద పడిపోయింది.

పోలన తలుపు దాకా వచ్చి ఆగాడు. ఆమె ఎడమచెయ్యి ముందుకు పడి ఉంది. పిడికిలి మూసి ఉంది. బొటనవేలు లోపల ఉంది.

అంటే వేషం. పాము కదిలితే చచ్చినట్టు పడిపొమ్మన్నది తనే. వేలు మడవమన్నదీ తనే. కింద మెట్ల మీద పాదుకల చప్పుడు వినిపిస్తోంది, అంకభట్టు స్నానం ముగించి వస్తున్నాడు. ఆమె లేస్తుంది, వెనకే వస్తుంది, తను పరిగెత్తితే చాలు. పోలన కుడిచేతి వేళ్ళు వాటంతటవే బుట్టలో గింజ కోసం వెతికినట్టు కదిలాయి. లెక్కపెట్టడానికి. ఆ కదలిక చూసుకుని అతనికి తన చేతి మీద తనకే అసహ్యం వేసింది.

అతను మోకాళ్ళ మీద కూలబడి ఆమెను తాకాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. ఊపిరి లేదు. పిడికిలి విప్పబోతే రాలేదు. బలంగా కాస్త సందు చేసి చూశాడు. లోపల గొలుసు శీల ఉంది. పోలన లోపలే చిక్కుకునేలా తలుపు మూసుకోకుండా, పడిపోతూ కూడా ఆమె దాన్ని వదల్లేదు. వేలు దాని చుట్టూ బిగుసుకుపోయింది.

చేతిలో గొట్టం ఉంది. గొట్టంలో తండ్రి ఉన్నాడు. ఈమె ఆగలేదు, అమ్మా అని నాన్న పిలిస్తే ఆగలేదు, పూలు వేసి పోయింది, అనుకున్నాడు పోలన. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఆగనిది ఆమె ఒక్కతేనా? ఆమె నడిచి వెళ్ళింది. అతను కూర్చుని చూశాడు.

మూత తీశాడు. ఒక గింజ ఆమె నాలిక మీద వేశాడు. గింజ కరిగింది. ఆమె నోట్లోంచి ఊపిరి ఒకటి వచ్చింది, చివర సన్నటి ఈలతో. పోలన పళ్ళు బిగించి ఇంకొకటి వేశాడు. మళ్ళీ ఈల. ఒక్కొక్క గింజకూ తండ్రి ఊపిరి అతని చెవి పక్కగా వచ్చి గాలిలో కలిసిపోతోంది. తిరిగి పట్టుకునే ఉపాయం లేదు. నాన్నా, నాన్నా అంటూ వేశాడు. పదేళ్ళు ఎవరి కోసమూ తడవని కళ్ళు అప్పుడు తడిశాయి. ఎన్ని వేశాడో అతనికి తెలియదు. చివరికి ఒక ఊపిరి ఈల లేకుండా వచ్చింది. అది ఆమె సొంత ఊపిరి.

పాదుకలు పైమెట్టు మీద టకటకలాడాయి. పోలన ఆమెను భుజాన వేసుకుని, శీల లాగి పడేశాడు. కంచు తలుపు భళ్ళున పడింది. వెనక మూసిన తలుపు, ఎదుట మెట్ల పైన, తడిబట్టలతో అంకభట్టు. ఎముకల గూడు లాంటి మనిషి, పాలుగారే పసి ముఖం. అతను మంత్రానికి నోరు తెరిచాడు. మంత్రానికి ఊపిరి కావాలి. పోలన తలతో అతని పొట్టలో పొడిచాడు. రెండు వందల ఏళ్ళ ముసలివాడు ఏడంతస్తుల మెట్ల మీద దొర్లుతూ, కేకలు వేసి కావలివాళ్ళను పిలుస్తూ పోయాడు. పోలన అతన్ని దాటుకుని దూకాడు. కింద వాకిలి బార్లా తెరిచి ఉంది. దుడ్డయ వాకిలికి వీపు పెట్టి, ఆకాశంలో కొంగలు లెక్కపెడుతున్నవాడిలా నిలబడ్డాడు. ఆ పక్కనే వాళ్ళ గుర్రానికి జీను బిగించి ఉంది.

అడవిలో మోదుగులు వెనక్కి పరిగెత్తాయి. యువరాణి తెలివి తెచ్చుకుని అతని వెనక నిటారుగా కూర్చుంది. ముఖం మీద రంగు సగం చెరిగి, సగం ముసలిది, సగం పిల్ల. ఏం జరిగిందో ఆమెకు చెప్పనక్కరలేకపోయింది. మూత వదులైన గొట్టం, ఆమె నాలిక మీది చేదు, చాలు. కోసెడు దూరం పోయాక అడిగింది.

"ఎన్ని మిగిలాయి?"

"లెక్కపెట్టలేదమ్మా."

అది అబద్ధం కాదు. గుర్రం అడుగు అడుగుకూ గొట్టంలో గింజలు గలగలమంటున్నాయి. ఆ చప్పుడును బట్టి ఎన్నో చెప్పగల చెవులు అతనివి. వినకూడదని తల అటు తిప్పుకున్నాడు. పొయ్యికి ఎన్ని ఊదులు కావాలో ఎవరికి తెలుసు. నడుముకు చుట్టుకున్న గుడ్డ ఎప్పుడో ఆరిపోయింది.

వెనక గుర్రాల డెక్కలు వినిపించాయి. పది, పదిహేను. పడమటి కొండ మీద పొద్దు జానెడు ఎత్తున ఉంది. ఎదుట చిత్రవేణి, దాని మీద తాళ్ళ వంతెన, అవతల ఊరి దారి. ఇంకో నాలుగు ఘడియల ప్రయాణం, మూడు ఘడియల పొద్దు.

వంతెన మొదట్లో ఒక ముసలివాడు దారికి అడ్డంగా పడి ఉన్నాడు. నెత్తి నుంచి నెత్తురు. పక్కన కట్టెలమోపు విడిపోయి చెల్లాచెదురుగా ఉంది. గుర్రాన్ని చూసి చెయ్యెత్తి అమ్మా అన్నాడు.

కట్టెలమోపు. అమ్మా అన్న పిలుపు. తమను ఆపడానికి ఈ రెండూ చాలని అంకభట్టుకు తప్ప మరొకరికి ఇంత బాగా తెలిసే అవకాశం లేదు. పదేళ్ళు గోడ కన్నం వెనక కూర్చున్నవాడికి ఇది కొలతా కాదా అన్నది తేల్చడానికి మూడు ఊపిర్లు చాలు. పోలన చూపు ముసలివాడి ఎడమచేతి మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి కట్టెల కింద ఉంది. వేలు కనిపించలేదు.

అతను కళ్ళెం లాగే లోపలే వెనక బరువు తగ్గింది. కుముద్వతి పరిగెత్తే గుర్రం మీంచి దూకేసింది. పడింది, లేచింది, ముసలివాడి దగ్గరకు చేరి రెండు చేతులా అతని తల ఎత్తి ఒడిలో పెట్టుకుంది. గోడ వెనక ఎవరైనా కూర్చుని ఉంటే ఒక్క గింజ కూడా వెయ్యలేకపోయేవాడు.

డెక్కల చప్పుడు దగ్గరైంది. పోలన ఒకసారి పొద్దు వైపు చూశాడు. గొట్టం మూత గట్టిగా బిగించి, రొంటిన దోపుకుని, తనూ గుర్రం దిగాడు.